గాజుల గీతలు

తెల్ల టూత్‌పేస్టు వాసన తగిలితే చాలు, ఇవాళ్టికీ నా కుడిచేతి చూపుడువేలు తనంతట తాను గుండ్రంగా తిరుగుతుంది.

ద్రాక్షారామం దగ్గర మా ఊళ్లో నాన్నది అద్దె కారు. వైశాఖం పెళ్లిళ్లకీ, కార్తీకంలో అన్నవరం వ్రతాలకీ తిరిగి తిరిగి వచ్చేసరికి లోపలంతా నేతి ప్రసాదం వాసన, వాడిన మల్లెలు, సీటు సందుల్లో అక్షింతలు. ముందు నల్లగా నున్నగా ఉండే డ్యాష్‌బోర్డు పెట్టె మూత మీద తాళంచేతులూ కొబ్బరిచిప్పలూ గీసిన సన్నగీతలు. ఆ గీతలు పోగొట్టడం, తొంభైల మధ్యలో, పదేళ్ల నాకు నాన్న నేర్పిన మొదటి శాస్త్రం. పాత బనీను గుడ్డ తడిపి, శనగగింజంత పేస్టు పెట్టి, బలం వాడకుండా సున్నాలు చుట్టినట్టు రుద్దాలి. తుడిచి, ఎండకి ఏటవాలుగా చూసి, మళ్లీ రుద్దాలి. గోరుకి తగిలే గీత పోదు, పైపై గీతలే పోతాయి. "మంత్రాలకి పోదమ్మా, రుద్దితేనే పోద్ది" అని నవ్వేవాడు.

అలాంటి మనిషి ఒక్కసారి లొంగిపోయాడు. ఆ ఏడు ఆవకాయకి కారం దంచుతూ దంచుతూ అమ్మ కడుపు పట్టుకుని కూలబడింది. కాకినాడ తీసుకెళ్లడానికి నాన్న అమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టి ఇంజను వేశాడు. నాయనమ్మ కేలండరు చూసొచ్చి కారుకి అడ్డంగా నిలబడింది.

"వర్జ్యంరా అబ్బాయ్. అరగంట ఆగు. చెడ్డ గడియలో బయల్దేరదీస్తావేంటి దాన్ని?"

కడుపునొప్పే కదా అనుకున్నాడో, తల్లి మాట తీసెయ్యలేకపోయాడో, నాన్న ఇంజను ఆపేశాడు. ఆ అరగంటా అమ్మ ఎదురుగా ఉన్న మూతని పట్టుకుని వంగిపోయి కూర్చుంది. నొప్పి వచ్చినప్పుడల్లా మట్టిగాజులు ప్లాస్టిక్ మీద గీరుకునే చప్పుడు. లోపల రక్తం పోతోందని మాలో ఎవరికీ తెలీదు. కాకినాడలో డాక్టరుగారు, ఇంకాస్త ముందు తెస్తే బతికేదన్నారు. నాయనమ్మ ఆయుష్షు తీరిందంది. పరామర్శకి వచ్చినవాళ్లంతా తలలూపారు. మన మూర్ఖత్వానికి మనం పెట్టుకున్న మర్యాదైన పేరు ఆయుష్షు. నాయనమ్మ కోడల్ని ప్రేమతోనే ఆపింది. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే.

పెద్దకర్మ అయ్యాక, నాన్న మళ్లీ అద్దెకి వెళ్లాల్సిన ముందురోజు, ఆయన్ని సంతోషపెడదామని నేను పేస్టు గొట్టమంతా పిండి ఆ మూత రుద్దాను. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నమైంది. అంత నొప్పీ గీసినవి పైపై గీతలే. ఒక్కటీ మిగల్లేదు.

నాన్న వచ్చి కారు తలుపు తీశాడు. మూత మీద అరచెయ్యి వేసి, వేళ్లతో వెతికాడు.

"నువ్వే తుడిచావా అమ్మా?"

"నేనే నాన్నా. బావుందా?"

"బావుందమ్మా" అని నా చేతిలో గుడ్డ తీసుకుని మడతపెట్టాడు. ఆ తర్వాత ఆ కారులో ఏ గీతనీ ఆయన తుడవలేదు, నన్నూ తుడవనివ్వలేదు.

ఆ కారు ఎప్పుడో పాత ఇనుములోకి పోయింది. నాన్నా లేడు. వర్జ్యాలకి ఎదురు మాట్లాడుతూ ఎన్నో వేదికలెక్కాను; రుజువేదని అడుగుతారు. కేలండరు ఏటా కొత్తది వస్తుంది, వర్జ్యం నిమిషాలతో సహా అచ్చవుతుంది. మా అమ్మ పోగొట్టుకున్న అరగంట మాత్రం లోకంలో ఒక్కచోటే రాసి ఉండేది. దాన్ని మెరిసేదాకా నేనే రుద్దేశాను.