నత్తకొంగ పటం కింద ఎవరి పేరు

దబీర్‌పురాలో ఫొటో దుకాణం నడిపిన ఉస్తాద్ పోయిన సోమవారం పోయాడు. దమ్ము, అదే ఉబ్బసం, ఆయన్ను ఏళ్ళ తరబడి తింటూ వచ్చింది, చివరికి తీసుకుపోయింది. నేను పాలు పోసే ఇంటివాళ్ళు ఈ కబురు చెప్పారు. మట్టి వేసి వచ్చిన మరునాడే ఫొటోల సంఘం వాళ్ళు గోడలకు కాగితాలు అంటించారు. ఆయన జ్ఞాపకానికి వచ్చే శుక్రవారం పటాల ప్రదర్శన పెడతారట. కాగితం మీద నత్తకొంగ పటం అచ్చు వేశారు. కింద ఉస్తాద్ పేరు వేశారు.

ఆ పటం తీసింది నేను. ఇదే పటం గురించి ఇదే సంఘంతో నాకు ప్రపంచ యుద్ధం రోజుల నుంచి పేచీ ఉంది.

నేను ఫలక్‌నుమా కింద బర్రెలు పెట్టుకుని బతికేవాణ్ణి. చదువు తక్కువ. ఈ నాలుగు ముక్కలూ నేనే రాశాను. అచ్చు వేసేవాళ్ళు అక్షరాలు దిద్దుకోవచ్చు, మాట మాత్రం దిద్దవద్దు.

ఉస్తాద్ మొదట వచ్చింది నా కోసం కాదు, నా బర్రెల కోసం. నా బర్రెలు దిగే చెరువులో కొంగలు మనిషిని చూస్తే లేచిపోతాయి. బర్రె పక్కనుంచి పోయినా కదలవు. బర్రెల నడుమ నిలబడి ఫొటో తీసుకోనిమ్మని అడిగాడు. మెడలో కెమెరా, దాని ముందు జానెడున్నర గొట్టం, మూడు నిండు చెంబుల బరువు. దూరపు పిట్టను దగ్గరికి తెచ్చే అద్దాలు అందులో ఉంటాయట. మేము దాన్ని ఫిరంగి అనేవాళ్ళం. బర్రె కుమ్మితే నన్ను అడగొద్దు అని ముందే చెప్పాను.

"కుమ్మితే కుమ్మనీ అన్నా. ఫొటో తీస్తుంటే కుమ్మిందని చెప్పుకుంట, ఇజ్జత్ ఉంటది" అన్నాడు.

వయసులో నాకంటే చిన్న, విద్యలో పెద్ద. అందుకే ఉస్తాద్ అన్నాను. ఊరికే ఎవరినీ అలా పిలిచేవాణ్ణి కాను. రోజూ నీళ్ళలోకి దిగేటప్పుడు ఆయన ముందు బర్రెకు సలాం చేసేవాడు, తరువాత నాకు.

బురదలో మూడు కాళ్ళ స్టాండు దిగిపోయేది. నా బర్రె వీపు మీద గొట్టం ఆనించమని నేనే సలహా ఇచ్చాను. వీపు అంత వెడల్పు ఉంది కదా, ఇంకేం కావాలి అనుకున్నాం. నత్తకొంగ ముక్కు మూసినా నడుమ సందు మిగులుతుంది, అవతలి వెలుతురు కనిపిస్తుంది. ఫొటో పడిన గాజు పలకలు మందునీళ్ళలో కడిగి చూస్తే ఒక్కదాంట్లోనూ సందు లేదు, ముక్కంతా ఒకటే ముద్ద. ఎందుకో తెలియక ఇద్దరం తల గోక్కున్నాం. మరునాడు ఆయన బర్రె పక్కటెముకల మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడి, నవ్వాడు.

"నీ బర్రెకు చెప్పు అన్నా, జర ఊపిరి బంద్ చెయ్యమని."

అప్పటి నుంచి చేతుల మీదే పట్టడం మొదలుపెట్టాడు. కానీ దమ్ము వల్ల ఆయన ఛాతీ నిలిచేది కాదు. ఒకరోజు ఫిరంగి నాకిచ్చి పట్టమన్నాడు. కుస్తీ అఖాడాలో పెరిగిన చేతులు నావి, ఇదెంత అనుకున్నాను. నరాలు ఉబ్బేలా బిగించి పట్టాను. గొట్టం గాలిలో కొమ్మలా ఊగింది.

"గొంతు పిసుకుతున్నవేంది? అది నీ దుష్మన్ కాదు" అన్నాడు. "పొద్దుగాల పొదుగు కాడ కూసుంటవు గద, అప్పుడు నీ చెయ్యి ఎట్లుంటదో గట్ల పెట్టు."

అదే ఆయన చదువు చెప్పిన తీరు. నాకు తెలిసిన పనిలోంచే నాకు తెలియని పని తీసి చూపించాడు. ఎడమ అరచెయ్యి గొట్టం ముందు భాగం కింద పెట్టాలి. మోచెయ్యి డొక్కకు ఆనాలి. మోకాళ్ళు కొంచెం వదలాలి. సగం ఊపిరి విడిచి ఆగి, పాల ధార తీసినట్టు మెల్లగా నొక్కాలి. గుంజితే బర్రె తంతుంది, పలకా తంతుంది. ఆ వానాకాలమంతా పలక లేకుండానే పట్టించాడు. ఏం తమాషా ఇది అని నేను లొల్లి పెట్టిన రోజులున్నాయి. "బరువును మొయ్యకు అన్నా, కూసోబెట్టుకో" అనేవాడు. మళ్ళీ మొదటి నుంచి పట్టించేవాడు.

యుద్ధం వచ్చి పలకలు దొరకడం ఆగిపోయింది. చివరికి ఒక్కటే మిగిలింది. అది పెట్టుకుని చెరువుకు వచ్చిన పొద్దున నత్తకొంగ ఎదురుగానే నిలబడి ఉంది. మీరే తీయండి, ఇది పోతే మళ్ళీ దొరకదు అన్నాను.

"నా దమ్ము దాన్ని ఖరాబ్ చేస్తది. నువ్వు పట్టు."

పట్టాను. వెనక ఆయన ఛాతీలో గురగుర మొదలైంది. ఇక దగ్గు వస్తుందని నాకు తెలుసు, ఆ గురగుర నేను రోజూ విన్నదే. కానీ దగ్గు వినబడలేదు. ఊపిరి విడిచి, ఆగి, నొక్కాను. కెమెరా టక్కుమన్నాక వెనక్కి చూస్తే ఆయన రుమాలు నోట్లో కుక్కుకుని బర్రె మెడను పట్టుకుని వంగి ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నీళ్ళు కారుతున్నాయి. అప్పుడు దగ్గాడు. కొంగలన్నీ లేచిపోయాయి.

పలక కడిగితే ముక్కు సందులోంచి వెలుతురు కనిపించింది.

పటం కింద నా పేరు తన చేత్తో రాసి, తన పటాలతో కలిపి సంఘం ప్రదర్శనకు పట్టుకుపోయాడు. నేనూ వెంట ఉన్నాను. సంఘం పెద్దలు చూసి, బర్రెలవాడి చేతికి ఇంత నిలకడ రాదు, మీరే స్టాండు మీద తీసి ఉంటారు, మీ పేరు వేస్తే ముందు వరుసలో పెడతాం అన్నారు. ఆయన గొడవ పడలేదు.

"చేతులు ఆయనవి. పేరు నాదెట్లయితది?" అని, అప్పటికే గోడకెక్కిన తన పటాలన్నీ ఒక్కొక్కటీ దించి చంకన పెట్టుకున్నాడు.

ఆ తరువాత సంఘం ఆయన్ను పిలవలేదు. సంఘం పెద్దల ఇళ్ళలో పెళ్ళి ఫొటోలకూ పిలవలేదు. పోనీలెండి, మీ పేరే వేసుకోండి అని నేను అనలేదు. నా పేరు నాకు కావాలి, అది ఆయనకు తెలుసు. ఆ నష్టం గురించి ఆయన నా దగ్గర ఎన్నడూ ఒక్క మాట ఎత్తలేదు. చెరువుకు వస్తూనే ఉన్నాడు, బర్రెలకు సలాం చేస్తూనే ఉన్నాడు. తండ్రి నాకు ఒళ్ళు ఇచ్చాడు. దానితో కదలకుండా నిలబడి ఒక ప్రాణిని చూడవచ్చని ఉస్తాద్ చెప్పాడు. ఆ మేలు నేను మరిచేది కాదు.

ఇప్పుడు ఆయన కొడుకు దుకాణంలో ఉన్న పటాలన్నీ, నత్తకొంగ పలకతో సహా, సంఘానికి ఇచ్చాడట. పలక మీద పేరు ఉండదు, అతనికి ఈ సంగతి తెలియదు, అతన్ని ఏమీ అనను. సంఘం పెద్దలకు తెలుసు. మర్యాద చేస్తున్నాం అనుకుంటున్నారు. బతికుండగా వద్దన్న పేరును, వద్దనే నోరు లేనప్పుడు ఆయనకు అంటగడుతున్నారు. ఒకరి సొమ్ము ముట్టని మనిషిని చనిపోయాక దొంగను చేస్తున్నారు.

సంఘం అయ్యలారా, మీరు చేయవలసింది చిన్న పని. ఆ పటం కింద తీసినవాడిగా నా పేరు రాయండి. దాని కింద, పట్టడం నేర్పినవాడిగా ఉస్తాద్ పేరు రాయండి, నాకంటే పెద్ద అక్షరాలతో రాసినా సరే. రాయలేమంటే పటం గోడకెక్కించకుండా నాకు పంపండి. రెండింటిలో ఏది చేస్తారో గురువారం పొద్దుగూకే లోపు నాకు చెప్పండి.