బొచ్చె చేప, నా మీద నేనిచ్చుకున్న అర్జీ

అందరూ ఇతరుల మీద ఫిర్యాదు చేస్తారు. తన మీద తానే ఫిర్యాదు చేసుకుని, అది కూడా కొట్టేయించుకున్న మొనగాడు కర్నూలు నుంచి కడప దాకా వెతికినా నేనొక్కడినే దొరుకుతాను. ఆ ఘోరం చెబుతాను. నవ్వేవాళ్లు నవ్వండి. ఎవరెవరు నవ్వారో మాత్రం నాకు గుర్తుంటుంది.

అంతటికీ మూలం నా బావమరిది చంద్రపాల్. విశాఖపట్నంలో ఉద్యోగం. ఆరేళ్ల కిందట రెండు వారాల సెలవు మీద మా ఇంటికి వచ్చాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనానికి కూర్చున్నామో లేదో, నా పళ్లెం పక్కన ఫోన్ పెట్టాడు. ఫొటోలో పడవ మీద వాడు, వాడి చేతుల్లో పొట్టేలంత సూర చేప.

"ట్యూనా బావా! సముద్రంలో గాలమేసి పట్టినా. ఫొటో దిగి మళ్లా వదిలేసినా."

"వదిలేసినావా? కూరకు పనికిరాదా?"

"ఇది ఆట బావా. పట్టేది, వదిలేది. మీకేం తెలుస్తాదిలే. మీ పక్క నీళ్లు చూడాలంటే మహానంది కోనేటికి పోవల్ల."

మా ఆవిడ నవ్వింది. మా అత్తగారు నవ్వింది. నాకు రెండో ముద్ద దిగలేదు. వాడు పుట్టి పెరిగింది ఇక్కడే కదా! నాలుగేళ్లు సముద్రపు గాలి పీల్చేసరికి ఇది 'మీ పక్క' అయిపోయిందా?

మా ఊరికి పది కిలోమీటర్లలో రిజర్వాయరు ఉంది. అందులో బొచ్చె చేపలున్నాయి. ఒకదాన్ని పట్టి, ఫొటో దిగి, వదిలి, ఆ ఫొటో వాడి పళ్లెం పక్కన పెట్టాలి. అంతవరకు నాకు కుదురు లేదు. కూర్చుంటే నిలబడాలనిపించేది, నిలబడితే నడవాలనిపించేది. గుమ్మానికీ గేటుకూ మధ్య నేను తిరిగిన తిరుగుడుకు వీధి కుక్క కూడా నన్ను చూసి మొరగడం మానేసింది.

గురువారం పొద్దున గాలం, ఎరకు బుడ్డల చెక్క, అదే వేరుశనగ పిండి, కలిపిన ముద్ద తీసుకుని రిజర్వాయరు కట్ట మీదికి పోయాను. జాలర్ల సొసైటీ పెద్ద సుంకన్న వల కుట్టుకుంటున్నాడు.

"ఏమప్పా జయరాజూ, ఈడికొచ్చినావు?"

"చేప పడదామని."

"ఇప్పుడా? చేపలు గుడ్లు పెట్టే కాలమప్పా ఇది. రెండు నెల్లు వేట బందు. మా వలలే ఎండలో ఉండాయి, కనపడలేదా?"

"నేను తినేదానికి కాదు సుంకన్నా. పట్టి వదిలేస్తా."

"వదిలేదానికి పట్టేదెందుకప్పా? పెండ్లికి పోయి, తినకుండా చెయ్యి కడుక్కోని వచ్చినట్ల!"

"నిషేధం చేపల్ని చంపకూడదని. నేను చంపను గదా!"

"ఆ ముక్క నాకెందుకు, చేపకు చెప్పు."

నా వాదన నాకే ఎంతగా నచ్చిందంటే, ఫోన్ అతని చేతిలో పెట్టి గాలం వేసేశాను.

గంటయింది. రెండు గంటలయింది. నాలుగు చోట్లు మారాను, ఏడుసార్లు ముద్ద మార్చాను. నాలాంటివాడికి గాలం ఇవ్వడమంటే కోతిని సూదిలో దారం ఎక్కించమనడమే. ఆఖరికి దారం ఒక్క గుంజు గుంజింది. అది లోపలికి లాగుతుంది, నేను బయటికి లాగుతాను. మోకాళ్ల దాకా దిగాను, ఒక చెప్పు బురదకు సమర్పించాను. చివరికి చేతికి వచ్చింది! ఆరు కిలోలకు తగ్గని బొచ్చె. పొట్ట గుడ్లతో బిగిసి ఉంది. నోరు తెరిచి మూసే తీరు చూస్తే నన్ను బూతులు తిడుతున్నట్టే ఉంది.

"తియ్యి సుంకన్నా, ఫొటో తియ్యి!"

"తీస్తాండాలే. తల పైకి పెట్టు. నీది కాదప్పా, చేపది!"

ఫొటో అయింది. నీళ్లలో మెల్లగా వదిలాను. తోకతో నా మొహాన నీళ్లు కొట్టి పోయింది. సరిగ్గా అప్పుడే కట్ట మీద జీపు ఆగింది. మత్స్యశాఖ అధికారి.

"ఏం చేస్తున్నారిక్కడ? నిషేధం సంగతి తెలీదా?"

ఇంకెవరైనా అయితే కాళ్లు కడుక్కుంటున్నానని చెప్పి బయటపడేవారు. నేను ఛాతీ విరుచుకున్నాను.

"బొచ్చె పట్టినా సార్. ఆరు కిలోలు. వదిలేసినా."

"చేపేదీ?"

"నీళ్లల్లో."

"చూసినవాళ్లు?"

సుంకన్న వల్లోకి తల దూర్చాడు. "నేనేం చూడలేదు సార్. వల కుట్టుకుంటాండా."

"ఫొటో తీసినావు గదా సుంకన్నా!"

ఫోన్ లాక్కుని చూశాను. ఫొటో లేదు.

"జీపు చూస్తానే తుడిచేసినా," అని సుంకన్న నా చెవిలో గొణిగాడు. "మా సొసైటీ లైసెన్సు పోతే నువ్విస్తావా?"

ఫొటో పోయింది, బావమరిది పళ్లెం పక్కన పెట్టడానికి సర్కారు కాగితమైనా కావాలి. ఇక నాకు దారి ఒకటే కనిపించింది.

"సార్, నా మీద కేసు రాయండి."

"ఇంటికి పోవయ్యా."

"ఎందుకు పోతా? తప్పు చేసినా. చేప పేరు, బరువు రాసి, ముద్ర వేసి ఇవ్వండి."

"చేప లేకుండా కేసేంటయ్యా?"

"అయితే నేను పట్టలేదంటారా?"

"నేనేమీ అనడం లేదు. ఎండగా ఉంది, నీడకు పో."

నీడకు పోవాలట! ఆ మాట నేను ఈనాటికీ మరిచిపోలేదు. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు కదా, వరసలో నిలబడి నాది ఇచ్చాను. 'జయరాజు అనే వ్యక్తి నిషేధ కాలంలో గుడ్లతో ఉన్న ఆరు కిలోల బొచ్చె చేపను పట్టినాడు. కఠిన చర్య తీసుకోగలరు. ఇట్లు, జయరాజు.'

గుమాస్తా కళ్లద్దాలు సర్దుకున్నాడు. "పట్టినోడు ఎవరు?"

"నేనే."

"ఫిర్యాదు చేసేది?"

"నేనే."

"మీ ఇద్దరికీ యాడ చెడిందప్పా?"

ఇంటి ముందు మురుగుకాలవ గురించి నేనిచ్చిన అర్జీలకు ఏళ్ల తరబడి ఉలుకూ పలుకూ లేదు. దీనికి మాత్రం నాలుగు రోజుల్లో జవాబు వచ్చింది. పోస్టుమాన్ దగ్గర దాన్ని అందుకున్నది నా బావమరిది. భోజనాల దగ్గర అందరూ వినేలా గొంతు సవరించుకుని చదివాడు.

"విచారణ జరిపించగా, సదరు జయరాజుకు చేపలు పట్టడం రాదని జాలర్ల సొసైటీ వారు వాంగ్మూలం ఇచ్చినందున, అర్జీ ముగించడమైనది."

కింద సంతకం, గుండ్రటి ముద్ర.

కాబట్టి కుడిచెయ్యి పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణముండగా ఇక ఏ చేపనూ వదలను. పడిందంటే తడి బట్టలతోనే మత్స్యశాఖ ఆఫీసుకు మోసుకుపోయి, బల్ల మీద పడేసి, పట్టినవాడు జయరాజేనని రాసిచ్చేదాకా అక్కడే కూర్చుంటాను. నీడలో మాత్రం కాదు.