సుశీలక్క రెండు జర్కిన్లు

వెల్‌క్రో పట్టీని లాగితే చర్రుమని ఒక శబ్దం వస్తుంది. మేత బస్తా కుట్టు విప్పినప్పుడు వచ్చే శబ్దం లాంటిదే, కాస్త పొట్టిది. పోయిన వారం నా ల్యాబులో ఆ శబ్దం వినగానే ముందు నవ్వొచ్చింది, వెనకే కళ్ళు చెమర్చాయి. నెల్లూరు జిల్లా కోట ఊళ్ళో రొయ్యల గుంటల నీళ్ళు పరీక్షించే చిన్న ల్యాబు నాది. మా వీధి చివర ఉండే శిరీష, ఈమధ్యే పెళ్ళయిన పిల్ల, భర్తతో మనాలి పోతున్నానని, నా దగ్గర చలికి వేసుకునే జర్కిన్లు ఉన్నాయని ఎవరో చెప్పారని వచ్చింది. సంక్రాంతి రోజుల్లో కూడా ఫ్యాను ఆపితే ఉడుకెత్తిపోయే ఊరు మాది. అలాంటి ఊళ్ళో రెండు మంచు జర్కిన్లు బీరువాలో పెట్టుకున్న మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. తీసి బల్ల మీద పెట్టాను. ఒకటి మేలురకం, పరుపంత మందం. ఇంకోటి చవకది, పల్చన, జిప్పు ఉండాల్సిన చోట వెల్‌క్రో. శిరీష ఆ చవకదాన్ని చర్రున విప్పి చూసింది. ఆ శబ్దంతోనే సుశీలక్క నా కళ్ళముందుకు వచ్చి నిలబడింది.

సుశీలక్కకు అల్లూరులో రొయ్యల మేత, మందులు అమ్మే షాపుండేది. డిగ్రీలో జువాలజీ చదివి, ఎక్కడా ఉద్యోగం దొరక్క నేను ఆ షాపులో చేరాను. అప్పటికే ఆమెకు యాభై దాటాయి. నేత చీర, చేతికి మగవాళ్ళ గడియారం, నాలుగిళ్ళ అవతలికి వినిపించే గొంతు. ఊళ్ళో ఆమె కన్నా పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవాళ్ళు. నేను చేరిన కొత్తలో ఒక రైతు వచ్చి, రొయ్యలు నీరసంగా ఉన్నాయని, షాపులో ఉన్న వాటిలోకెల్లా ఖరీదైన మందు ఇమ్మన్నాడు. నేను సంబరంగా డబ్బా దించబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపి, నీళ్ళు చూపించావా, అడుగు మట్టి చూసుకున్నావా అని అతన్ని అరగంట ప్రశ్నలతో వేధించి, చివరికి గుంటలో చల్లే చవక సున్నం బస్తాలు ఇచ్చి పంపింది. అతను పోయాక నాతో ఒక మాటంది. "చవకదని ఎగబడొద్దు, ఖరీదుదని దణ్ణం పెట్టొద్దు. ముందు చెక్ ట్రే వెయ్యి."

చెక్ ట్రే అంటే ఏమిటో గుంటలు తెలియనివాళ్ళకు చెప్పాలి. వల బిగించిన పళ్ళెంలో గుప్పెడు మేత వేసి, తాడు కట్టి గుంటలోకి దించుతారు. కాసేపాగి పైకి లాగితే రొయ్యలు తిన్నాయో వదిలేశాయో తెలిసిపోతుంది. దాన్నిబట్టే మిగతా మేత. రైతులు మేతకు మాత్రమే చేసే ఆ పనిని సుశీలక్క సర్వానికీ చేసేది. కొత్త బియ్యమొస్తే పిడికెడు వండించేది. చెప్పులు కొంటే ముందు ఇంట్లోనే తిరిగేది. మా చిన్నాన్న కూతురికి సంబంధం వస్తే, ఆ పెళ్ళికొడుకును షాపుకు రప్పించి, మాటల్లో పెట్టి మేత బస్తాలు దింపించింది. అబ్బాయి చక్కగా దింపాడు, మధ్యలో మంచినీళ్ళు కూడా తనే అడిగి తాగాడు. పెళ్ళి చెయ్యొచ్చంది. వాళ్ళు ఈరోజుకీ చిలకా గోరింకల్లా ఉన్నారు.

ఇంత లెక్కగా ఉండే మనిషికి ఒక లెక్కలేని కోరిక ఉండేది. షాపులో చిన్న టీవీ ఒకటి గోడకు ఉండేది. బేరాల్లేని మధ్యాహ్నం వేళ ఏదో చానల్లో మంచుకొండల మీద జనం కాళ్ళకు పొడుగాటి పలకలు కట్టుకుని జారుతూ కనబడితే చాలు, చేతిలో పని వదిలేసేది. పెళ్ళయిన కొత్తలో ఆమె, భర్త అంకయ్య గారు రొయ్యలు సాగు చేసేవాళ్ళట. గుంటలో రొయ్యలు పట్టే పట్టుబడి రోజున లారీలో ఒక వరస ఐసు, ఒక వరస రొయ్య పేర్చాలి. కూలీలు చాలకపోతే ఆమే ఎక్కి పేర్చేది. వేళ్ళు మొద్దుబారి, అన్నం కలుపుకోను కూడా వంగేవి కావట. "ఐసుతో నేను చాకిరీ చేసినా గానీ, ఐసుతో ఆడుకోలేదు మే," అంది ఒకసారి టీవీ మీదనుంచి చూపు తిప్పకుండా. "వాళ్ళు జారి పడి నవ్వుతుండారు. మేం జారి పడితే లారీ వాడు తిట్టేవాడు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నేనూ అట్టా జారాల." ఆమె ఏదైనా కావాలని అడగడం నేను విన్నది అదే మొదలు.

ఏడాదికోసారి మేత కంపెనీ వాళ్ళు బాగా అమ్మిన డీలర్లను టూరు తీసుకుపోతారు. ఎప్పుడూ అంకయ్య గారే పోయేవారు. ఆ ఏడు మనాలి అన్నారు, ఇద్దరికి. ఒక రోజు పూర్తిగా మంచులోనే, కావాలనుకున్నవాళ్ళకు స్కీయింగు నేర్పిస్తారని కూడా చెప్పారు. అంకయ్య గారు తనకు ఫ్యాను గాలే పడదని, మంచులోకి పోతే తనని ఐసుపెట్టెలోనే వెనక్కి తేవాల్సి వస్తుందని తప్పుకున్నారు. ఎస్తేరును తీసుకుపో అన్నారు. ఎస్తేరంటే నేనే. సుశీలక్క ఆ రోజంతా ఎవరితోనూ గట్టిగా మాట్లాడలేదు. సంతోషమొస్తే ఆమె గొంతు తగ్గుతుందని అప్పుడే తెలిసింది.

ఇక జర్కిన్ల పంచాయితీ మొదలైంది. అక్కడ అద్దెకు దొరుకుతాయని కంపెనీ కుర్రాడు చెబితే, ఎవరి చెమటో నాకెందుకని కొట్టిపారేసింది. నేను చవకబేరం ఇంట్లో పుట్టినదాన్ని. నెల్లూరు ట్రంకురోడ్డు పక్కన కుప్ప పోసి అమ్మేచోట బేరమాడి ఒక పల్చటి జర్కిను పట్టుకొచ్చి, గెలిచినట్టు చూపించాను. ఆమె మద్రాసు పోయి, చల్లటి అద్దాల షాపులో, ఎంత గడ్డకట్టే చలికైనా ఆగుతుందని వాళ్ళు ప్రమాణం చేసిన జర్కిను తెచ్చింది. నాది మోసమని ఆమె, ఆమెది దండగని నేను. వాదన తేలక చివరికి ఆమె మామూలుగా చేసే పనే చేసింది. రొయ్యలు శుద్ధి చేసే ఫ్యాక్టరీలో తెలిసిన మేనేజరును బతిమాలి, కోల్డ్ స్టోరేజీలో మా ఇద్దరికీ చెక్ ట్రే పెట్టించింది.

ఆ దృశ్యం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు. గడ్డకట్టిన రొయ్యల అట్టపెట్టెల మధ్య రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఆమె ఒకదాంట్లో, నేనొకదాంట్లో, పీటల మీద కూర్చోబెట్టినట్టు కదలకుండా కూర్చున్నాం. నా పళ్ళు టకటకమని కొట్టుకోవడం మొదలైంది. ఆమె మాత్రం అంకయ్య గారికి పచ్చడి జాడీ ఎక్కడ పెట్టానో చెప్పడం మరిచిపోయానని తీరిగ్గా గుర్తు చేసుకుంటోంది. న్యాయంగా ఉండాలని మధ్యలో జర్కిన్లు మార్చింది కూడా. అప్పుడు నాకు వెచ్చగా, ఆమెకు వణుకు. బయటికొచ్చాక తీర్పు చెప్పేసింది, ఖరీదుదే గెలిచిందని. నాకూ అలాంటిదే కొంటానంది. నా కొలతకు ఆ షాపులో లేదన్నారు. అందుకని డిసెంబరులో క్రిస్మస్ పాటలకు వీధులు తిరిగేటప్పుడు వేసుకునే స్వెట్టరు, మా అమ్మ అల్లింది, లోపలికి పెట్టుకున్నాను.

మంచు రోజు వచ్చింది. ఆకాశం నీలంగా, ఎండ తళతళమంటోంది. ఉప్పుమళ్ళు తప్ప అంత తెలుపు నేను చూడలేదు. స్కీయింగు అంటే జారడం ఒకటే అనుకున్నాం. జారాలంటే ముందు వాలు ఎక్కాలని, ఆ పలకలు మోసుకుంటూ మోకాలిలోతు మంచులో ఎక్కాలని మాకెవరూ చెప్పలేదు. సగం దూరం పోయేసరికి సుశీలక్కకు చెమట ధారలు కట్టింది. పరుపులాంటి జర్కిను లోపల ఆమె అల్లూరు మే నెలలో ఉన్నట్టు ఉడికిపోయింది. విప్పితే గాలి, వేస్తే ఉక్క. లోపలి బట్టలన్నీ తడిసి ముద్దయ్యాయి. సరిగ్గా అప్పుడు మబ్బు పట్టి, ఈదురుగాలి మొదలైంది. ఆ తడి ఒంటి మీదే చల్లబడింది. ఆమె పెదవులు నీలి రంగుకు తిరిగాయి, ఒళ్ళంతా వణుకు పట్టుకుంది. మాతో వచ్చిన డీలర్లు ఇక చాలమ్మా, బస్సులో కూర్చోండని బలవంతపెట్టారు. నేర్పే అతను ఆమె జర్కినును వేళ్ళతో నలిపి చూసి హిందీలో ఏదో అన్నాడు. నా బడి హిందీకి అందినంత మటుకు, ఇది చలిలో కదలకుండా నిలబడేవాళ్ళది, ఆడేవాళ్ళు పల్చటిది వేసుకోవాలి అని.

ఆమెను టీ కొట్టు పొయ్యి దగ్గరికి నడిపించుకుపోయాను. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని వాలు వైపే చూస్తూ కూర్చుంది. మరునాడు తిరుగు ప్రయాణం. ఈ పూట పోతే ఆమె ముచ్చట ఇక తీరదని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఆ మొహం చూడలేకపోయాను. కొట్టువాళ్ళావిడను అడిగి లోపలి గదిలోకి తీసుకుపోయి, తడి బట్టలు విప్పించి, నా స్వెట్టరూ నా చవక జర్కినూ ఆమెకు తొడగబోయాను. నీకెట్టా మరి అని ఆమె చేతులు వెనక్కి తీసుకుంది.

"నేను కింద నిలబడి చూస్తానక్కా. నిలబడేవాళ్ళకు నీదే మంచిదన్నాడు గదా," అన్నాను.

ఆమె నా వైపు చూసింది. తర్వాత మూలన పడున్న తన జర్కిను వైపు చూసింది. పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. కొట్టువాళ్ళావిడ భయపడి తొంగి చూసింది. "కుర్చీలేసుకుని కూచుని చూసినాం మే మనం," అంది నవ్వు మధ్యలో. "జారేదానికి పోతా కూచుని చూసినాం. చెక్ ట్రే బాగానే వేసినాం గానీ, వేరే గుంటలో వేసినాం."

పావుగంట తర్వాత ఆమె వాలు మీద ఉంది. నేను ఆ బరువైన జర్కిను, లోపల ఇంకా కొంచెం తడి ఉన్నదాన్ని, కొట్టువాళ్ళావిడ ఇచ్చిన శాలువా మీదుగా వేసుకుని కింద నిలబడ్డాను. నేర్పే అతను కాస్త దూరం చెయ్యి పట్టుకుని వదిలేశాడు. సుశీలక్క వచ్చింది. మోకాళ్ళు వంచి, చేతులు చాచి, నోరు తెరుచుకుని, జారుతూ వచ్చింది. ఎంత దూరమో చెప్పలేను, మా షాపు నుంచి బస్టాండు దాకా ఉంటుందేమో. చివర్లో పలకలు అడ్డం తిరిగి కూలబడిపోయింది. పరుగెత్తాను. ఆమె వెల్లకిలా పడుకుని, పిడికిట్లో మంచు తీసుకుని చూసుకుంటోంది. కళ్ళ నిండా నీళ్ళు, మొహం నిండా నవ్వు. "ఎస్తేరూ, ఇంత ఐసుండాదా, వెతికినా ఒక్క రొయ్య లేదు మే," అంది.

ఆ పడటంలో నా జర్కిను జిప్పు ఊడిపోయింది, చంక దగ్గర కుట్టు కూడా విడిపోయింది. చవకదాని బుద్ధి చవకది పోనిచ్చుకోదు. తిరుగు దారిలో బస్సులో హీటరు పనిచెయ్యక అందరూ బిగుసుకుపోతుంటే, ఖరీదుదాన్ని విప్పి ఇద్దరం దుప్పటిలా కప్పుకుని హాయిగా నిద్రపోయాం. ఏది మంచిదని మళ్ళీ మేం వాదించుకోలేదు. అల్లూరు చేరాక ఆమె టైలరు చేత జిప్పు బదులు వెల్‌క్రో కుట్టించింది.

నేను కోటలో ల్యాబు పెట్టుకున్న రోజున వచ్చి రెండు జర్కిన్లూ నా చేతిలో పెట్టింది. అడిగినవాళ్ళకల్లా ఇయ్యి, కానీ అక్కడికి పోయి ఏం చేస్తారో అడిగి ఇయ్యి అని మాత్రం చెప్పింది. రెండేళ్ళ కిందట నాలుగు రోజుల జ్వరంతో పోయింది. ఎవరి చెమటో నాకెందుకన్న మనిషి జర్కిన్లలో ఇప్పుడు ఊరందరి చెమటా ఉంది. నా దగ్గరికి ఎవరు సీసాలో నీళ్ళు తెచ్చినా, గుంటలో ఏ మూల నుంచి ముంచారని ముందు అడుగుతాను. చాదస్తం అనుకుంటారు. అనుకోనీ. ఆమె లేని లోటు నాకు ఆ ప్రశ్న అడిగినప్పుడు కాస్త తగ్గుతుంది.

శిరీషనూ అడిగాను, అక్కడికి పోయి ఏం చేద్దామనుకుంటున్నావని. ఆ పిల్ల బయట బండి మీద కూర్చున్న భర్త వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. తనకు మంచు మీద జారాలని ఉందట. ఆయన మాత్రం నాలుగు ఫొటోలు దిగి వచ్చేద్దామంటున్నాడట. ఆ తగ్గిన గొంతు నేనెరుగుదును. వెల్‌క్రో జర్కినూ, బీరువాలోంచి తీసి అమ్మ అల్లిన స్వెట్టరూ ఆమె చేతిలో పెట్టాను. పరుపులాంటిదాన్ని మడిచి పైన పెట్టి, ఇది మీ ఆయనకు అన్నాను.

"నువ్వు జారేటప్పుడు ఆయన్ని ఇది వేసుకుని కింద నిలబడమను. ఎవరో ఒకరు కింద నిలబడాల."