అకౌంట్స్‌కూ బాటనీకీ మధ్య దారం

ధర్మవరంలో మగ్గాలింట పుట్టిన ఈశ్వరికి చేతిలో దారం ఉంటేగానీ లెక్క తెగదు. హిందూపురంలో ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పరీక్షల పని చూడబట్టి పందొమ్మిదేళ్ళయింది. చదివింది ఇంటరే. అయినా టైంటేబులు కావాలంటే ప్రిన్సిపాలైనా ఆమె గదికి రావలసిందే.

ఆమె పద్ధతి ఆమెది. చెక్కపలక మీద పేపరుకొక మేకు కొడుతుంది. లెక్చరర్లు ఇచ్చిన పేర్ల పట్టీలు రెండేసి పక్కపక్కన పెట్టుకుంటుంది. ఒక్క పేరు రెండింట్లోనూ కనబడినా చాలు, ఆ రెండు మేకులకూ పట్టుదారం కట్టేస్తుంది. ఆ రెండు పేపర్లూ ఒకే రోజు పెట్టకూడదని గుర్తు. తర్వాత మేకుల తలలకు గోళ్ళరంగు పూస్తుంది, రోజుకొక రంగు. దారం కలిపిన మేకులకు ఒకే రంగు పడకూడదు. ఎన్ని తక్కువ రంగులతో సరిపెడితే అన్ని తక్కువ రోజుల్లో పరీక్షలు అయిపోతాయి.

పెనుకొండ నుంచి కొత్తగా వచ్చిన కంప్యూటర్ లెక్చరర్ మధు ఆ పలక చూసి నోరు తెరిచేశాడు. దీన్ని గ్రాఫ్ కలరింగ్ అంటారనీ, ఎంతో చదివినవాళ్ళు దీనిమీద తలలు బద్దలు కొట్టుకుంటున్నారనీ చెప్పాడు.

"తలలెందుకప్పా, మేకులు చాలు" అంది ఈశ్వరి.

ఈసారి మాత్రం మేకులు చాల్లేదు. పరీక్షలు సోమవారం నుంచి. ఎన్నిసార్లు రంగులు చెరిపి పూసినా ఆరు రోజులు పడుతోంది. ఆరో రోజు శనివారం. సరిగ్గా ఆ రోజే అనంతపురంలో ఉద్యోగ పరీక్ష. ఏ పేపరు శనివారానికి తోసినా అక్కడికి పోయే పిల్లల్లో ఎవరికో ఒకరికి తగులుతుంది. పై వారం గదులు ఖాళీ లేవు. గుడిబండ ఊరి మల్లిక శనివారం వదిలేయమని ఇప్పటికి మూడుసార్లు వచ్చి బతిమాలింది. ఏడేళ్ళు గొర్రెల వెంట తిరిగి మళ్ళీ చదువుకు వచ్చిన పిల్ల. ఈ ఉద్యోగ పరీక్ష తప్పితే వయసు దాటిపోతుంది. మూడుసార్లూ ఈశ్వరి కాదనే చెప్పింది.

మల్లిక నాలుగోసారి వచ్చి గుమ్మంలో నిలబడ్డప్పుడు మధు పలక మీది దారాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాడు. వరసగా ఒక్కో పేపరుకూ కుదిరిన రంగు వేయిస్తే ఏడు రోజులు వచ్చింది. దారాలు ఎక్కువున్న పేపర్లకు ముందుగా వేయిస్తే ఆరు. ఉన్న దారులన్నీ వెదికించాడు. ఐదు రోజులకు కుదరనే కుదరదంది కంప్యూటర్. ఆరు పేపర్లు ఒక్కొక్కటీ మిగతా ఐదింటితోనూ ముడిపడి ఉన్నాయట. ఆరింటికీ ఆరు రంగులు కావలసిందే.

"ఏవప్పా ఆ ఆరు?"

తెలుగు, ఇంగ్లీషు, అకౌంట్స్, వాణిజ్య చట్టం, బాటనీ, జువాలజీ.

ఈశ్వరి పలక దగ్గరికి వచ్చింది. అకౌంట్స్ చదివేవాడు బాటనీ యాడ చదువుతాడు? పట్టీలు తిరగేసింది. అటు కామర్స్ రెండు పేపర్లకూ ఇటు సైన్సు రెండు పేపర్లకూ మధ్య నాలుగు దారాలు. నాలుగూ ఒక్క పేరు మీదే ఉన్నాయి: ఎస్. కుళ్ళాయప్ప, పరిగి. ఆఫీసులో ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే ఎవరో అవ్వ ఎత్తింది.

"యా కుళ్ళాయప్ప కావల్లమ్మా? మా పెద్దోని కొడుకా, చిన్నోని కొడుకా? ఇద్దరికీ వాళ్ళ తాత పేరే పెట్టినాము. ఇద్దరూ మీ కాలేజీలోనే ఉండారు గదా."

ఫోన్ పెట్టేసి ఈశ్వరి పట్టీల్లో ఆ పేరు పక్కనున్న రోల్ నంబర్లు చూసింది. రెండూ వేరువేరు. అన్నదమ్ములిద్దరూ మొదటి కొడుక్కి తండ్రి పేరు పెట్టుకోవడం ఆమెకు తెలియని సంగతా? ఆమె పుట్టింట్లోనే ఇద్దరు ముత్యాలప్పలున్నారు. అయినా పందొమ్మిదేళ్ళలో ఒక్కనాడూ పేరు పక్కనున్న ఆ నంబరు చూడలేదు.

నాలుగు దారాలూ తెంపింది. మధు మళ్ళీ నొక్కాడు. రెప్పపాటులో ఐదు వచ్చింది. శనివారం ఖాళీ.

"పోయి రాసుకో తల్లీ. కుదరదన్నది లెక్క కాదు, నేనే" అంది ఈశ్వరి.

మల్లిక నవ్వలేదు. తెంపిన దారాలవైపు చెయ్యి చూపింది.

"పోయినేడు మా ఊరి మంజు గూడా ఇట్లే వచ్చి అడిగింది మేడమ్. కాదంటిరి. ఉద్యోగ పరీక్షకు పోలేకపోయె. ఇప్పుడు గోరంట్లలో బట్టలంగట్లో ఉండాది."

ఈశ్వరి లేచి పోయినేటి పట్టీల కట్ట దించింది. దాన్ని మధు ముందు పెట్టింది. మధు విప్పి చదివాడు. అకౌంట్స్ పట్టీలో ఎస్. కుళ్ళాయప్ప. బాటనీ పట్టీలో ఎస్. కుళ్ళాయప్ప, నంబరు వేరు.