నోటరీ చేయించిన వెబ్‌సైట్ పేరు

2009లో నాచారంలో నాకొక చిన్న ఆఫీసు ఉండేది. మెడికల్ షాపు పైన ఒకటే గది, రెండు కంప్యూటర్లు, కరెంటు పోతే అరగంట ఈడ్చుకొచ్చే ఒక యూపీఎస్. వెబ్‌సైట్లు తయారుచేయడం, వాటికి పేర్లు కొనిపెట్టడం, అవి ఉండే చోటు అద్దెకివ్వడం నా పని. పేరును డొమైన్ అంటాం, చోటును హోస్టింగ్ అంటాం. డొమైన్ దుకాణం బోర్డు అనుకోండి, హోస్టింగ్ దుకాణం గది. గది ఎప్పుడైనా మార్చుకోవచ్చు, బోర్డు పోతే మాత్రం వెతుక్కుంటూ వచ్చేవాళ్లకు దారి దొరకదు. కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకూ ఈ ముక్క చెప్పి చెప్పి నాకు కంఠతా వచ్చేసింది. ఆ చుట్టుపక్కల నాకు నోటి దురుసు ఉందని పేరు, పనిలో వంక పెట్టలేరని కూడా పేరు. రెండూ నిజమేనని నేనూ ఒప్పుకునేదాన్ని.

ఆ ఏడాది జూన్‌లో ఒక ఉదయం దేవదానం గారు మెట్లెక్కి వచ్చారు. యాభై దాటిన మనిషి. చిల్కానగర్‌లో పోలియో వచ్చినవాళ్లకు ప్రత్యేకమైన బూట్లు, కాలిపర్లు చేస్తారు. కాలిపర్ అంటే బలం లేని కాలికి ఇనుప కడ్డీలతో, తోలు పట్టీలతో కట్టే ఆసరా. నల్గొండ వైపు పల్లెలో పుట్టి, చిన్నప్పుడే ఒక మిషన్ ఆస్పత్రి వర్క్‌షాపులో చేరి ఆ పని నేర్చుకున్నారట. జిల్లాల్లోని తల్లిదండ్రులు పిల్లల పాదాన్ని కాగితం మీద గీసి, నెట్ సెంటర్‌లో స్కాన్ చేయించి ఆయన వెబ్‌సైట్‌కు పంపేవారు. ఈయన బూట్లు చేసి పార్సిల్ వేసేవారు. ఐదేళ్లుగా నడుస్తున్న సైటే, కానీ దాన్ని చేసిచ్చిన మురళి అనే కుర్రాడు ఏడాదిగా ఫోన్ ఎత్తడం లేదు. అందులో ఫోన్ నంబర్ కూడా మార్పించలేకపోతున్నాను, ఆ సైటు మీరు చూసుకోండి అని ఆయన అడిగారు.

నేను మొదట చేసే పని హూఈజ్ చూడటం. ఏ డొమైన్ ఎవరి పేరు మీద ఉంది, గడువు ఎప్పుడు తీరుతుంది అని అందరికీ చూపించే జాబితా అది. యజమాని అన్నచోట దేవదానం గారి పేరు లేదు, మురళి సంస్థ పేరుంది. గడువు ఇంకా పంతొమ్మిది రోజులే. ఆ మాట చెబితే ఆయన ఏమాత్రం కంగారు పడలేదు. సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి నా ముందు పెట్టారు.

"ఆ పేరు నా మీదనే ఉన్నది మేడం. నోటరీ జేయించిన."

నిజంగానే చేయించారు. స్టాంపు పేపరు, రెండు పార్టీల ఫొటోలు, ఇద్దరు సాక్షుల సంతకాలు, చిరునామాలు, నోటరీ ముద్ర. ఉప్పల్ చుట్టుపక్కల అప్పట్లో చాలా ప్లాట్లు ఇలాంటి కాగితాల మీదే చేతులు మారేవి. ఆయన తన అరవై గజాల ఇల్లు అలాగే కొన్నారు, వెబ్‌సైట్ పేరు కూడా అలాగే కొన్నారు. ఇంటర్నెట్‌లో పేరు అమ్మే కంపెనీని రిజిస్ట్రార్ అంటారు. ఆ రిజిస్ట్రార్ పుస్తకంలో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని, మన నోటరీని అక్కడెవరూ చూడరు. అదే పెద్ద చిక్కనుకుంటే మూడో పేజీ దానికి తాత. మొదటి రెండు పేజీలు తెలుగులో ఉన్నాయి, మూడోది చిన్న అక్షరాల ఇంగ్లీషులో. పేరు మొదటి పార్టీదేననీ, అంటే మురళిదేననీ, రెండో పార్టీకి వాడుకునే హక్కు మాత్రమేననీ, మొదటి పార్టీ సేవలు తీసుకున్నంతకాలమే అది చెల్లుతుందనీ అందులో ఉంది. కింద దేవదానం గారి సంతకం.

నాకు నవ్వు ఆగలేదు. మీరు కొన్నది పేరు కాదండీ, పేరు వాడుకునే పర్మిషను, అదీ ఆయన దయ ఉన్నన్నాళ్లు అనేశాను.  ఆయన సంచిలోంచి ఒక చిన్న బూటు తీసి లోపలి అట్ట నావైపు తిప్పారు. తోలు మీద ఆ వెబ్‌సైట్ పేరు అచ్చు కొట్టి ఉంది.

"షాపు రెండుసార్లు ఎత్తేసిన మేడం. రోడ్డు పెద్దగ జేస్తున్నరని ఒకసారి, ఓనరు ఖాళీ జేయమని ఒకసారి. ఫోన్ నంబర్ గూడ మారింది. ఏం మారినా ఇది మారదని మురళి సారు చెప్తే ప్రతి బూటు లోపల ఇదే కొట్టిన. పోరగాండ్ల కాళ్లు పెరుగుతయి, ఏడాదికోసారి కొత్త కొలత పంపాలె. రేపు ఇది లేదంటే వాళ్లు నన్నెక్కడ ఎతుకుతరు?"

నా నవ్వు చూసి నాకే సిగ్గేసింది. గడువు తీరాక డొమైన్‌కు కొన్ని వారాలు సావకాశం ఉంటుంది గానీ, అప్పుడు కూడా రెన్యువల్ చేయాల్సింది రిజిస్ట్రార్ దగ్గర ఖాతా ఉన్నవాడే. ఆ తర్వాత అది బజార్లో పడుతుంది, జనం రాకపోకలున్న పేర్లను ఎగరేసుకుపోయేవాళ్లు కాచుకుని ఉంటారు. పిల్లల కొలతలు అటువంటివాడెవడికో చేరతాయి.

ఇంకా తవ్వితే మరో సంగతి బయటపడింది. మురళి ఖాతాకు ఇచ్చిన ఈమెయిల్ అతని సొంత సంస్థ డొమైన్ మీద ఉంది, ఆ డొమైన్ గడువు తీరి ఎవరైనా కొనుక్కునే స్థితిలో ఉంది. దాన్ని నేను కొని, అదే ఈమెయిల్ తెరిచి, పాస్‌వర్డ్ మర్చిపోయాను అని నొక్కితే చాలు, ఖాతా నా చేతికి వస్తుంది. పది నిమిషాల పని. చేయగలనన్న గర్వం కూడా ఉంది, దాచడం దేనికి. దేవదానం గారికి ఉత్సాహంగా వివరించాను. ఆయన శ్రద్ధగా విని, ఆ ఖాతాలో తన పేరు ఒక్కటే ఉంటుందా అని అడిగారు. మురళి కస్టమర్లందరివీ ఉంటాయి అన్నాను.

"అట్లయితే వద్దు మేడం. నాది నాకు గావాలె, ఆయన పెట్టె పగలగొట్టుడు నాకొద్దు."

పంతొమ్మిది రోజుల గడువు పెట్టుకుని ఈ మనిషికి ఇన్ని నియమాలేమిటని ఒళ్లు మండింది. అయినా ఆయన మాట సబబే, మురళి పెట్టె నేను తెరిస్తే దాని పేరు దొంగతనమే. చిరాకుగా ఆ నోటరీ కాగితాన్నే మళ్లీ తిరగేశాను. రెండో సాక్షి చిరునామా సైనిక్‌పురి. ఎవరాయన అంటే, మురళి మేనమామ, సైన్యంలో సుబేదారుగా చేసి రిటైరయ్యారు అని దేవదానం గారు చెప్పారు.

ఆ సాయంత్రమే నా స్కూటీ మీద మౌలాలి మీదుగా వెళ్లాం. సుబేదారు గారు టీ ఇప్పించి అంతా విన్నారు. మేనల్లుడు ఆ వ్యాపారం మానేసి సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాడని, వచ్చే ఆదివారం పిలిపిస్తానని చెప్పారు. మురళిని ఘరానా మోసగాడిగా ఊహించుకుని, వాడితో అనాల్సిన మాటలన్నీ సిద్ధం చేసుకున్నాను. ఆదివారం వచ్చింది బక్కపల్చటి కుర్రాడు. కస్టమర్లకు ఈమెయిళ్లు లేవు, క్రెడిట్ కార్డులు లేవు, అందుకే అన్నీ నా పేరు మీదే కొన్నానండీ అన్నాడు. మూడో పేజీ ఏదో విదేశీ సైట్‌లోంచి కాపీ కొట్టాడట, కస్టమర్లు జారిపోకుండా. కానీ కాగితం ప్రకారం అది తనదేనని కూడా మెల్లగా అన్నాడు. నేను నోరు తెరిచేలోపు సుబేదారు గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఏరా, నేను సాక్షి సంతకం పెట్టింది అమ్మకానికి. నువ్విచ్చింది అద్దెకా?"

మురళి తల దించుకుని, పేరు ఆయనకే రాసిచ్చేస్తానన్నాడు. చిక్కల్లా అతనికే పాస్‌వర్డ్ గుర్తులేకపోవడం. అందరం నాచారం వచ్చి నా కంప్యూటర్ ముందు కూర్చున్నాం. గడువు తీరిన తన సంస్థ పేరు అతనే మళ్లీ కొన్నాడు, అతని ఉత్తరాలు అతనే తెరుచుకున్నాడు. మర్నాటికి ఖాతా తెరుచుకుంది. వేరే రిజిస్ట్రార్‌కు మారిస్తే రోజులు పడుతుంది కాబట్టి, అదే రిజిస్ట్రార్ దగ్గర దేవదానం గారికి సొంత ఖాతా తెరిచి పేరును అందులోకి నెట్టించాను, దాన్ని పుష్ అంటాం. ఆ ఖాతాకు ఆయన సొంత ఫ్రీ ఈమెయిలే ఇచ్చాం, అదే డొమైన్ మీది ఈమెయిల్ ఇవ్వలేదు. ఇంట్లో తాళంచెవి పెట్టి బయటినుంచి తాళం వేసుకోకూడదు కదా. ఐదేళ్లకు రెన్యువల్ చేశాక హూఈజ్ తెరిచి యజమాని అన్నచోట ఆయన పేరు చూపించాను. ఆయన తెర మీద వేలు ఆనించి ఒక్కో అక్షరం చదువుకున్నారు. నాకు భలే గర్వంగా అనిపించింది.

వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగారు.

"మేడం, మీ దగ్గరున్నోళ్ల పేర్లు ఎవరి మీద ఉన్నయి?"

అనుమానంతో అడగలేదు, తెలుసుకుందామని అడిగారు. నా మీదే అన్నాను. "అట్లనా" అని చెప్పులేసుకుని దిగిపోయారు.

మర్నాడు పొద్దున్నే నా ఖాతా తెరిచి లెక్కపెడితే అరవై మూడు డొమైన్లు ఉన్నాయి. స్కూళ్లు, టైలరింగ్ షాపులు, హబ్సిగూడ కోచింగ్ సెంటర్లు, అన్నీ నా పేరు మీదే. కారణాలు కూడా మురళి చెప్పినవే, కస్టమర్లకు ఈమెయిళ్లు లేవు, కార్డులు లేవు, పని త్వరగా అవుతుంది. నా దగ్గర ఇంగ్లీషు మూడో పేజీ లేదని సమర్థించుకోబోయాను. అసలు నా దగ్గర కాగితమే లేదు. అంటే దేవదానం గారికి ఉన్నపాటి ఆధారం కూడా నా కస్టమర్లకు లేదు. మురళి దొంగ కాదు, పని మానేశాడు, అంతే. నేనూ ఏదో ఒక రోజు మానేస్తాను, లేదా బస్సు కింద పడతాను. నా నిజాయితీ ఎంత గట్టిదైనా అది వాళ్లకు రిజిస్ట్రార్ పుస్తకంలో పనికిరాదు.

అన్నీ మార్చడానికి నాలుగు నెలలు పట్టింది. ఫోన్ చేస్తే చాలామంది విసుక్కున్నారు. మాకెందుకు మేడం ఈ గొడవ, మీ దగ్గరుంటే ఏంది, మీ మీద నమ్మకం ఉంది అనేవారు. అంతకుముందైతే ఆ మాటకు పొంగిపోయేదాన్ని. సరే, రేపు నేను ఈ పని మానేస్తే ఆ నమ్మకాన్ని ఎవరి దగ్గర రెన్యువల్ చేయిస్తారు అని అడిగేదాన్ని. అప్పుడు ఖాతా తెరవడానికి ఈమెయిల్ ఐడీ ఇచ్చేవారు, లేనివాళ్లు కొత్తగా ఒకటి చేయించుకునేవారు.