కొండెక్కిన మేక, రెండో భాగం

మా ఇంట్లో అందరికీ ప్రాణమైన సినిమా ఒక మేకపిల్లది. బొమ్మల సినిమా. గుంజకు కట్టిన తాడు కొరికేసి, ఎవరు వద్దన్నా వినకుండా కొండెక్కిపోతుంది. కోలారు బంగారు గనుల ఊరు మాది. ఆ కేజీఎఫ్‌లో సెలవులొస్తే చాలు, కేబుల్ వాళ్ళు దాన్ని తమిళంలో వేసేవాళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడేవాళ్ళం కాబట్టి మాకు భాష అడ్డం కాలేదు. మా కంటే మా నాన్నకే అదంటే పిచ్చి. బళ్ళో పిల్లల్ని గడగడలాడించే లెక్కల అయ్యవారు, ఆ తాడు తెగగానే చప్పట్లు కొట్టేవాడు.

నా డిప్లొమా అయిపోయి, కోలారు దగ్గరి నరసాపురంలోని మోటారు బండ్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చిన వారమే అమ్మ తమ్ముడు, మా మామ, బెంగళూరు నుంచి దాని రెండో భాగం తెచ్చాడు. థియేటర్ల మొహం చూడకుండా నేరుగా డిస్కుల్లోకి వచ్చిందట. అప్పుడే అనుమానం రావాల్సింది. ఆ వారమంతా ఇంట్లో నా ఉద్యోగం మీదే రగడ. ఆడపిల్లకు షిఫ్టులేమిటని నాన్న, సోమవారం చేరి తీరతానని నేను. ఆదివారం సాయంత్రం సినిమా కోసం కాసేపు సంధి చేసుకున్నాం.

డిస్కు పెట్టగానే చూస్తే మేక మొహమే మారిపోయింది. చెవులు అతికించినట్టున్నాయి. గొంతు ఎవరిదో. పాత పాటలకే కొత్త మాటలు తగిలించారు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుంది. అదంతా ఓర్చుకునేదాన్నే. కొండెక్కిన ఆ మేక మళ్ళీ దొడ్లోకొచ్చి, తన కూతురితో కొండ మనకొద్దు తల్లీ అంటోంది! నాకు ఒళ్ళు మండింది.

మామ నవ్వాడు. "చూసినావా పాపా, మేకకు గూడా బుద్ధి వచ్చిండాది."

"మేకకు బుద్ధి రాలేదు మామా, తీసినోళ్ళకు బుద్ధి పోయిండాది," అన్నాను.

నాన్న లేచి ప్లేయరు ఆపేశాడు. "ఇది మన మేక కాదు. తీసెయ్ ఆ డిస్కు."

నాకెంత సంతోషమైందో! ఆ ఊపులోనే, "అయితే రేపు నేను పోతానప్పా," అన్నాను నాన్నతో.

"సినిమా వేరే, ఇల్లు వేరే. ఇంగ ఆ మాట ఎత్తొద్దు."

ఇక ఊరుకోలేకపోయాను. "ఏం వేరే అప్పా? మేకకైతే చప్పట్లు, నాకైతే తాడా? ఈ డిస్కు తీసినోళ్ళు చేసిందీ అదే, నువ్వు చేస్తా ఉండేదీ అదే."

వంటింట్లో రాగి సంగటి గెలుకుతున్న అమ్మ చేయి ఆగిపోయింది. ఆగితే ఉండలు కడుతుందని అందరికీ తెలుసు. మామ డిస్కును కవర్లో పెట్టే పనిలో పడ్డాడు. కోపం వస్తే నాన్నకు ముక్కు ఎర్రబడుతుంది. ఎర్రబడింది. నాకు భయమేసింది, అయినా చూపు దించలేదు. నచ్చిన సినిమాను చెడగొట్టారని ఆయన ఎవరినో తిట్టొచ్చు, నేను ఆయన్ని అడగకూడదా?

నాన్న ప్లేయరు వైరు చుట్టి పక్కన పెట్టి, "కంపెనీ బస్సు యాడ నిలుస్తాది?" అన్నాడు.

చెప్పాను. ఆయన అడగకపోయినా ఎక్కేదాన్నే.