నాలుగో నెల బాబు, నేనిచ్చిన తేనె

రెండేళ్ల కిందట, డిసెంబర్ మొదటి వారం. రాయచూరులో పిల్లల ఆసుపత్రులున్న వీధిలో మాదో మెడికల్ షాపు. నేను ఫార్మసిస్టుని, అంటే డాక్టర్ రాసిన మందు, మోతాదు సరిచూసి ఇచ్చే మనిషిని. అప్పటికి పదిహేనేళ్లుగా ఆ కౌంటర్ వెనకే ఉన్నాను. నాకు నోరెక్కువని మా ఆయన అంటారు. నిజమే. పిల్లల దగ్గుకు చీటీ లేకుండా సిరప్ అడిగితే నాలుగు చివాట్లు పెట్టి, తేనె వాడమని పంపేదాన్ని. అదో గొప్ప నాకు.

గిల్లేసూగూరు వైపు కాలువ కింద వరి పండించే ఆంధ్రా రైతుల ఊళ్లను ఇక్కడ క్యాంపులంటారు. అలాంటి ఓ క్యాంపు నుంచి వెంకాయమ్మగారు వచ్చారు. ఎప్పుడూ మా దగ్గరే మందులు కొనే పెద్దావిడ. కోతల కాలం, ఎటు చూసినా దుమ్ము.

"మనవడికి ఒకటే దగ్గమ్మా. సిరప్పేదన్నా ఇద్దూ," అన్నారు.

ఆవిడ కొడుకు కొడుకు నాకు తెలుసు. ఐదేళ్లవాడు, వచ్చినప్పుడల్లా చేతికందిన డబ్బా లాగేవాడు. వాడికే అనుకున్నాను.

"సిరప్ ఏందమ్మా, సిరప్? పిల్లలకు ఊకె సిరప్‌లు తాపద్దు. పండుకునేముందు ఒక చెంచ తేనె పెట్టుండ్రి, సాలు."

"ఏం కాదంటావా?"

"అది మందే గాదు గదమ్మా, ఏమైతది? తేనెనే గద!"

తేనె సీసా నా చేతులతోనే ఇచ్చాను.

రెండు వారాల తర్వాత ఆవిడ కొడుకు శ్రీను చీటీ పట్టుకొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. చీటీలో ఫీడింగ్ ట్యూబ్ రాసి ఉంది. మింగలేని పిల్లలకు ముక్కులోంచి పొట్టలోకి వేసే సన్నటి గొట్టం అది. సైజు చూశాను. పసిగుడ్లకు వాడేది.

"ఎవరికి శ్రీనూ?"

"మా చెల్లి కొడుక్కండి. పురిటికొచ్చింది కదా. నాలుగో నెల వాడికి. విరేచనం లేదు, పాలు పీల్చలేకపోతున్నాడు. ఏడిస్తే గొంతు రావట్లేదండి. తల వాల్చేస్తున్నాడు, రెప్పలు కూడా ఎత్తట్లేదు."

"మందులేమన్నా తాపిన్రా?"

"ఏ మందూ వెయ్యలేదండి. డాక్టర్ గారూ అదే అడిగారు. మీరిచ్చిన తేనే, అంతే."

ఏడాది నిండని పిల్లలకు తేనె పెట్టకూడదని పరీక్షలో రాసి పాసైనదాన్ని నేను. తేనెలో ఒక్కోసారి ఒక రకం క్రిమి బీజాలుంటాయి. పెద్దవాళ్ల పేగుల్లో అవి ఊరికే పోతాయి. పసివాళ్ల పేగుల్లో మొలకెత్తి విషం తయారుచేస్తాయి, కండరాలు చచ్చుబడతాయి. ఇన్‌ఫెంట్ బొట్యులిజం అంటారు. ఊపిరి పీల్చే కండరాల దాకా వచ్చిందంటే ప్రాణం మీదికే.

షాపు అలాగే వదిలేసి శ్రీనుతో పాటు ఆసుపత్రికి పరుగెత్తాను.

"సార్, ఆ బాబుకు తేనె పెట్టిన్రు. నేనే చెప్పిన," అన్నాను డాక్టర్‌తో.

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "రెండు రోజుల్నుంచి అడుగుతున్నా, ఒక్కరూ చెప్పలేదు!"

ఎలా చెబుతారు? ఆయన అడిగింది మందుల గురించి. తేనె మందే కాదని వాళ్లకు చెప్పి పంపింది నేను.

ఇస్తున్న ఇంజెక్షన్ ఒకటి ఆయన అప్పటికప్పుడు ఆపించారు. ఈ జబ్బులో అది కండరాలను ఇంకా నీరసపరుస్తుంది. గంటలో బాబును వెంటిలేటర్ ఉన్న పెద్దాసుపత్రికి అంబులెన్స్‌లో పంపారు. అంబులెన్స్ వచ్చేదాకా వరండాలో ఆ బాబు తల్లి ఏడుస్తూ కూర్చుంది. కారం తిన్నావు, అందుకే బిడ్డకు నీ పాలు పడలేదని చుట్టాలంతా ఆమెనే ఆడిపోసుకుంటున్నారు. "ఆ పిల్లనేమనకుండ్రి. తప్పు నాది," అని అందరి ముందూ చెప్పాను.

మూడు వారాలు యంత్రమే ఆ బాబుకు ఊపిరి పోసింది. ఆ మూడు వారాలూ ఎవరైనా తేనె అడిగితే లేదని పంపేశాను. చివరికి బాబు బతికాడు.

కూతుర్ని అత్తవారింటికి పంపే ముందు వెంకాయమ్మగారు బాబును ఎత్తుకుని షాపుకు తీసుకొచ్చారు. తల నిలబెట్టి నన్నే చూస్తున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ తిడతారనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"నువ్వు మంచికే చెప్పావు తల్లీ," అన్నారు. "ఒక్క మాట అడిగుంటే చెప్పేదాన్నిగా, నెలల పిల్లోడని."

ఏడాది దాటిన పిల్లల దగ్గుకు ఇప్పటికీ తేనె చెబుతాను. కానీ సీసా మీద చెయ్యి వేసే ముందు, ఎంత తెలిసినవాళ్లనైనా సరే, అడుగుతున్నాను: "పిల్లగానికి ఎన్ని నెలలు?" పదిహేనేళ్లు ఆపకుండా మాట్లాడిన నోటికి ఆ రోజు ఆ ఒక్క మాట రాలేదు.